అమెరికాలో రేంజ్ షూటింగ్‌కు తొలి రైఫిల్: ధర కంటే ముందు మీ వీసా చూసుకోండి

టెక్సస్, జార్జియా లాంటి రాష్ట్రాల్లో వారాంతం షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం మామూలు కాలక్షేపం. ఆఫీసులో పక్క సీటు మనిషి పిలిస్తే సరదాగా వెళ్తారు. నాలుగుసార్లు వెళ్లాక ప్రతిసారీ అద్దె కట్టే బదులు సొంతంగా ఒకటి కొనుక్కుంటే పోలా అనిపిస్తుంది. తక్కువ ధరలో, మొరాయించకుండా పనిచేసే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఏది అని వెతకడం అక్కడ మొదలవుతుంది.

దానికి జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. కానీ ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్లు అంతకంటే ముందు మరో ప్రశ్న తేల్చుకోవాలి. అసలు తుపాకీ చేతిలోకి తీసుకోవడానికి చట్టం నన్ను అనుమతిస్తుందా? ఇక్కడ పొరపాటు జరిగితే గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు, ఆపై దేశం నుంచి పంపించేయడం. రూల్స్ ఏమిటి, తొలి రైఫిల్ ఎలా ఎంచుకోవాలి అన్నది వరుసగా చూద్దాం.

సెమీ ఆటోమేటిక్ అంటే?

ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటానే పేలుతుంది. ఖాళీ తొడుగు బయటపడి, తర్వాతి తూటా దానంతటదే ఛాంబర్‌లోకి వస్తుంది. మళ్లీ కాల్చాలంటే మళ్లీ నొక్కాలి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరసగా పేలేది ఆటోమేటిక్, అంటే మెషీన్ గన్. దానికి చట్టం వేరు. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగాలి. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని తుపాకీయే చేసుకుంటుంది. కొత్తవాళ్లకు అందులో ఉన్న సౌకర్యమూ అదే, ప్రమాదమూ అదే. ఒకటి పేలిన మరుక్షణం రెండోది సిద్ధంగా ఉంటుంది.

ఎవరికి అనుమతి ఉంది, ఎవరికి లేదు?

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ కొనొచ్చు. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కొనడానికి కనీస వయసు 18 ఏళ్లు. పిస్టల్, రివాల్వర్ అయితే 21.

నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలోకి వచ్చినవాళ్లకు మాత్రం నిషేధమే సాధారణ నియమం. విద్యార్థులు (ఎఫ్-1), ఉద్యోగులు (హెచ్-1బీ, ఎల్-1), వాళ్ల జీవిత భాగస్వాములు (హెచ్-4, ఎల్-2), పిల్లలను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు (బీ-2) అందరూ ఇందులోకే వస్తారు. నిషేధం కొనడానికే పరిమితం కాదు, దగ్గర ఉంచుకోవడానికీ వర్తిస్తుంది. తుపాకీకే కాదు, తూటాలకూ వర్తిస్తుంది.

ఈ నిబంధన 1998లో వచ్చింది. అంతకు ముందు ఏడాది న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌పై కాల్పులు జరిగాయి. కాల్చిన వ్యక్తి సందర్శకుడిగా దేశంలోకి వచ్చి, ఫ్లోరిడాలో తుపాకీ కొన్నాడు. ఆ తర్వాతే వీసాదారులపై ఆంక్షలు బిగిశాయి. ఉల్లంఘిస్తే అప్పట్లో గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. 2022 జూన్‌లో వచ్చిన కొత్త చట్టం దాన్ని 15 ఏళ్లకు పెంచింది.

మనవాళ్లలో చాలామంది తడబడేది ఇక్కడే. పదేళ్లుగా హెచ్-1బీలో ఉన్నాం, ఇల్లు కొన్నాం, ఐ-140 కూడా అప్రూవ్ అయింది, ఇంకేం కావాలి అనుకుంటారు. ఐ-140 అప్రూవ్ అయినంత మాత్రాన మీ స్టేటస్ మారదు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా మీరు నాన్ ఇమిగ్రెంట్ లెక్కలోనే ఉంటారని అనుకుని నడుచుకోవడం క్షేమం. ఐ-485 దశలో ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా అడుగు వేయకూడదు.

హంటింగ్ లైసెన్స్ ఉంటే చాలంటారు, నిజమేనా?

నిజమే. అయితే ఆ మాట సగమే చెబుతుంటారు. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్స్ దగ్గరుంటే వీసాదారులకు ఫెడరల్ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. వీసా మీద ఉండి తుపాకీ కొనేవాళ్లు సాధారణంగా వాడుకునే దారి ఇదే.

సాధారణంగా చెప్పకుండా వదిలేసే మిగతా సగం ఇది. వేట లైసెన్స్‌కు గడువు ఉంటుంది. ఉదాహరణకు టెక్సస్‌లో వార్షిక లైసెన్సులు ఏటా ఆగస్టు 31తో ముగుస్తాయి. సెప్టెంబరు 1న రెన్యువల్ చేయించుకోకపోతే, నిన్నటిదాకా చట్టబద్ధంగా బీరువాలో ఉన్న రైఫిల్ ఇవాళ నేరానికి సాక్ష్యం అవుతుంది. తుపాకీ అమ్మినవాళ్లు గుర్తు చేయరు, నోటీసూ రాదు. ఆ తేదీని మీరే ఫోన్‌లో పెట్టుకోవాలి. పాత లైసెన్స్ గడువు తీరేలోపే కొత్తది తీసుకోవాలి. తుపాకీ ఉన్నన్నాళ్లూ లైసెన్స్ ఉండాల్సిందే.

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఈ మినహాయింపు స్టేటస్ సక్రమంగా ఉన్నవాళ్లకే. చదువు ఆపేసి సెవిస్ రికార్డు రద్దయినా, స్టేటస్ కోల్పోయి దేశంలోనే ఉండిపోయినా, అప్పుడు వర్తించేది వేరే నిబంధన. అక్రమంగా ఉన్నవారికి వేట లైసెన్స్ ఏ రక్షణా ఇవ్వదు.

కొనకుండా రేంజ్‌లో అద్దెకు తీసుకుంటే?

రేంజ్‌లో పది నిమిషాలు పట్టుకున్నా చట్టం దృష్టిలో అది మీ చేతిలో ఉన్నట్టే. కౌంటర్‌లో ఎవరూ వీసా అడగకపోవచ్చు. అడగనంత మాత్రాన అది అనుమతి కాదు. వేట లైసెన్స్ లేకుండా వీసా మీద ఉన్నవాళ్లు రేంజ్ తుపాకీ కాల్చడం కూడా ప్రమాదకరమే.

ఇది పుస్తకాలకే పరిమితమైన భయం కాదు. హమీద్ రెహైఫ్ అనే యూఏఈ విద్యార్థి కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అతను విద్యార్థి వీసా మీద ఫ్లోరిడాలో చదవడానికి వచ్చాడు. మార్కులు సరిగా రాక యూనివర్సిటీ తొలగించింది, స్టేటస్ పోయింది. తర్వాత ఒక ఫైరింగ్ రేంజ్‌కు వెళ్లి తుపాకులు కాల్చాడు. దానికే కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ తీర్పును తప్పుబట్టింది. నిందితుడు తుపాకీ పట్టుకున్నాడని మాత్రమే కాదు, తాను నిషేధిత వర్గంలో ఉన్నానని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని చెప్పింది.

ఈ తీర్పు చూసి ధైర్యం తెచ్చుకోవాల్సిన పనిలేదు. నాకు స్టేటస్ పోయిన సంగతి తెలియదు అనడం ఒకటి. ఈ చట్టం ఉందని తెలియదు అనడం మరొకటి. రెండోది రక్షించదు. తాను వీసా మీద ఉన్నానని తెలియని హెచ్-1బీ ఉద్యోగి ఉండడు కదా.

గ్రీన్‌కార్డున్న స్నేహితుడి పేరు మీద కొనొచ్చా?

కొనకూడదు. మీ డబ్బుతో, మీ కోసం మరొకరు తన పేరు మీద కొనడాన్ని ‘స్ట్రా పర్చేజ్’ అంటారు. 2022 చట్టం దీన్ని ప్రత్యేక నేరంగా చేసి 15 ఏళ్ల వరకూ శిక్ష పెట్టింది. మీతో పాటు సాయం చేసిన స్నేహితుడూ ఇరుక్కుంటాడు. తుపాకీ నేరాల్లో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించే వీలు ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది.

ఒకే ఇంట్లో ఉండేవాళ్లూ జాగ్రత్తపడాలి. రూమ్మేట్‌కు లేదా భర్తకు గ్రీన్‌కార్డు ఉండి, చట్టబద్ధంగా రైఫిల్ కొనుక్కున్నారనుకుందాం. మిగతావాళ్లు వీసా మీద ఉంటే, వాళ్లకు తాళం గానీ, కోడ్ గానీ అందకూడదు. చేత్తో పట్టుకోకపోయినా, కావాలంటే తీసుకోగలిగే స్థితిలో ఉంటే దాన్ని కూడా ‘దగ్గర ఉన్నట్టే’ అని కోర్టులు చూసే అవకాశం ఉంది.

దుకాణంలో ఏం జరుగుతుంది?

లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర ఫారం 4473 నింపాలి. ప్రస్తుత చిరునామాతో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించాలి. పౌరసత్వం, వీసా, నేర చరిత్ర, గృహహింస కేసులు, మత్తు పదార్థాల వాడకం గురించి ప్రశ్నలుంటాయి. వీసాదారులైతే ఐ-94 నంబరు, వేట లైసెన్స్ కూడా కావాలి. అబద్ధం రాస్తే అదే ఒక ఫెడరల్ నేరం.

తర్వాత డీలర్ మీ వివరాలను ఎఫ్‌బీఐ నడిపే ‘నిక్స్’ వ్యవస్థకు పంపుతారు. 1998 నవంబరు నుంచి ఇది నడుస్తోంది. కొన్ని రాష్ట్రాల్లో ఈ తనిఖీ రాష్ట్ర అధికారులే చేస్తారు. చాలాసార్లు నిమిషాల్లోనే జవాబు వస్తుంది. ‘డిలేడ్’ అని వస్తే మూడు పనిదినాలు ఆగాలి. 21 ఏళ్లలోపు వారికి అదనపు తనిఖీ ఉంటుంది, పది పనిదినాల దాకా పట్టొచ్చు.

రాష్ట్రం మారితే రూలు మారుతుంది

ఫెడరల్ చట్టం దాటాక రాష్ట్ర చట్టం ఉంటుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ముఖ్యమైన తేడాలు ఇవి.

టెక్సస్, జార్జియా: రైఫిల్ కొనడానికి రాష్ట్రం నుంచి విడిగా పర్మిట్ అక్కర్లేదు. మ్యాగజైన్ సైజుపై పరిమితి లేదు.

న్యూజెర్సీ: ముందు ఫైర్ ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు తీసుకోవాలి. మ్యాగజైన్‌లో 10 తూటాలకు మించకూడదు.

ఇల్లినాయిస్: ‘ఫాయిడ్’ కార్డు తప్పనిసరి. 2023 జనవరిలో ఏఆర్ తరహా రైఫిళ్ల అమ్మకంపై నిషేధం తెచ్చారు.

కాలిఫోర్నియా: సేఫ్టీ పరీక్ష పాసై సర్టిఫికెట్ తీసుకోవాలి. కొన్నాక 10 రోజులు ఆగితేనే చేతికి ఇస్తారు. మ్యాగజైన్ పరిమితి 10.

వాషింగ్టన్: సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు 21 ఏళ్లు నిండాలి, శిక్షణ తీసుకున్నట్టు రుజువు చూపాలి. 2018లో ఓటర్లు ఆమోదించిన చట్టం ప్రకారం చిన్న .22 సెమీ ఆటోమేటిక్ కూడా ఇందులోకే వస్తుంది. ఏఆర్-15 తరహా రైఫిళ్ల అమ్మకాన్ని 2023 ఏప్రిల్‌లో నిషేధించారు.

ఈ చట్టాలపై కోర్టుల్లో కేసులు నడుస్తూనే ఉంటాయి. కొనే రోజున రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది. డల్లాస్‌లో కొన్న రైఫిల్‌తో ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్లేవాళ్లు సామాను సర్దకముందే ఈ పని చేయాలి.

అనుమతి ఉంది సరే, ఏ రైఫిల్ కొనాలి?

రేంజ్‌లో నేర్చుకోవడానికే అయితే తొలి రైఫిల్ .22 ఎల్‌ఆర్ క్యాలిబర్‌లో ఉండటం మంచిది. కుదుపు దాదాపు ఉండదు. శబ్దం తక్కువ. కుదుపుకు భయపడి కళ్లు మూసుకోవడం, ట్రిగ్గర్‌ను గుంజడం లాంటి అలవాట్లు మొదట్లోనే పడకుండా ఉంటాయి. అన్నిటికంటే పెద్ద కారణం తూటా ఖర్చు.

లెక్క చూద్దాం. .22 తూటా సుమారు 7 నుంచి 10 సెంట్లు. ఏఆర్-15లో వాడే .223 తూటా సుమారు 45 నుంచి 60 సెంట్లు. నెలకు రెండుసార్లు వెళ్లి ప్రతిసారీ 200 తూటాలు కాల్చారనుకుందాం. 8 సెంట్ల చొప్పున .22కు నెలకు 32 డాలర్లు, ఏడాదికి 384. 50 సెంట్ల చొప్పున .223కు నెలకు 200, ఏడాదికి 2,400 డాలర్లు. రైఫిల్ ధరలో మిగిల్చింది ఎంతైనా, ఈ తేడా ముందు అది చిన్నదే.

ఇక మోడళ్లు. రూగర్ 10/22 ఈ తరగతిలో అందరికీ తెలిసిన పేరు. 1964 నుంచి తయారవుతోంది. బరువు సుమారు 2.3 కిలోలు. మామూలు మోడల్ 300 నుంచి 400 డాలర్ల మధ్య దొరుకుతుంది. దానితో వచ్చే రోటరీ మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి కాబట్టి 10 పరిమితి ఉన్న రాష్ట్రాల్లోనూ ఇబ్బంది లేదు. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, బాగుచేసేవాళ్లూ దొరుకుతారు. ‘నమ్మకం’ అనే మాటకు కొత్తవాళ్ల విషయంలో అసలు అర్థం అదే.

బడ్జెట్ ఇంకా తక్కువైతే సావేజ్ మోడల్ 64 ఉంది. 200 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. పని చేస్తుంది కానీ, 10/22కు దొరికినన్ని మ్యాగజైన్లు, విడిభాగాలు దీనికి దొరకవు.

స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 15-22 చూడటానికి ఏఆర్-15లాగే ఉంటుంది, కాల్చేది మాత్రం .22. ధర సుమారు 450 నుంచి 550 డాలర్లు. తర్వాత ఏఆర్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఉపయోగం. దీనితో మామూలుగా వచ్చేది 25 తూటాల మ్యాగజైన్. పరిమితి ఉన్న రాష్ట్రాల్లో 10 తూటాల రకం అడగాలి.

సెకండ్ హ్యాండ్‌లో మార్లిన్ మోడల్ 60 చవగ్గా కనిపిస్తుంది. మంచి రైఫిలే. కానీ తూటాలు బ్యారెల్ కింద ఉండే గొట్టంలోకి ఎక్కుతాయి. లోపల ఇంకా ఏమైనా మిగిలిందా అన్నది విడిగా తీసే మ్యాగజైన్ అంత తేలిగ్గా కనిపించదు. తొలి తుపాకీగా ఇది లోపమే.

రైఫిల్ మొరాయిస్తోందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామందికి అసలు సమస్య తూటాతో ఉంటుంది. .22 సెమీ ఆటోమేటిక్‌లో తూటా పేలిన శక్తితోనే బోల్ట్ వెనక్కి జరగాలి. శబ్దం తక్కువగా ఉండే సబ్‌సోనిక్ తూటాలకు ఆ బలం చాలక ఇరుక్కుపోవచ్చు. 40 గ్రెయిన్ల హై వెలాసిటీ తూటాలు రెండు మూడు కంపెనీలవి చిన్న పెట్టెలు కొని, మీ రైఫిల్‌కు ఏది పడుతుందో చూశాకే పెద్ద పెట్టె కొనండి. .22 తూటాలు మసి ఎక్కువ వదులుతాయి, శుభ్రం చేయడం తప్పదు.

రైఫిల్‌తో ఖర్చు అయిపోదు. చెవులకు, కళ్లకు రక్షణ, కేసు, తాళం, తూటాలు కలిపి మరో 150 నుంచి 200 డాలర్లు పక్కన పెట్టుకోండి. స్కోప్ మొదట్లో అవసరం లేదు.

ఇంట్లో ఎలా ఉంచాలి?

2024 నవంబరులో అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తన తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయారు. సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు.

వరుస ఇదీ: ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి పట్టి ఉంచాలి. ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. వరుస తప్పితే, అంటే ముందు బోల్ట్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, ఒక తూటా లోపలికి ఎక్కిపోతుంది. శుభ్రం చేసేటప్పుడు తూటాలు అదే గదిలో ఉండకూడదు. ఖాళీ అని తెలిసినా గొట్టం మనుషుల వైపు తిప్పకూడదు, వేలు ట్రిగ్గర్ మీద ఉంచకూడదు. .22ను బొమ్మ తుపాకీలా చూడటమూ తప్పే. ఆ తూటా మైలు దాటి వెళ్లగలదు.

పిల్లలున్న ఇంట్లో తుపాకీ తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో అజాగ్రత్తగా ఉంచి పిల్లల చేతికి చిక్కితే యజమానిపై కేసు పెడతారు.

వీసా మీద ఉన్నవాళ్లకు వేరే దారి లేదా?

ఉంది. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌ను ఫెడరల్ చట్టం ‘ఫైర్ ఆర్మ్’గా పరిగణించదు. కాబట్టి వీసా నిషేధం దానికి వర్తించదు. అయితే రాష్ట్ర చట్టం చూసుకోవాలి. న్యూజెర్సీ ఎయిర్ గన్‌ను కూడా తుపాకీగానే లెక్కిస్తుంది.

ఎయిర్ రైఫిల్ అంటే పిల్లల ఆట అనుకోనక్కర్లేదు. బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, లండన్‌లో 2012లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో సెమీ ఆటోమేటిక్‌కు చోటే లేదు. గురి నేర్చుకోవడమే లక్ష్యమైతే నష్టపోయేదేమీ ఉండదు.

ఇండియాకు వచ్చే ముందు

రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగు, విమానానికి తెచ్చే బ్యాగు ఒకటి కాకుండా చూసుకోండి. జేబులోనో, అరలోనో మిగిలిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయం స్కానర్‌లో పడినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. తెలియకుండా వచ్చిందని కోర్టులో తేల్చుకోవచ్చు. ఈలోగా సెలవులు అయిపోతాయి, పాస్‌పోర్టు చిక్కుల్లో పడుతుంది. వచ్చే ముందు రోజు బ్యాగును తలకిందులు చేసి దులపండి. వేట లైసెన్స్ మీద తుపాకీ ఉంచుకున్నవాళ్లు, ప్రయాణంలో ఉండగా గడువు తీరుతుందేమో కూడా అదే రోజు చూసుకోండి.